శ్రీవారి సేవకు వెళ్ళాలనుకునేవాళ్ళకు: వారం రోజులు ఎలా ఉంటాయి, ఎక్కడ తడబడతారు

తిరుమలలో 2000లో టీటీడీ మొదలుపెట్టిన శ్రీవారి సేవ, అంటే భక్తులు జీతం లేకుండా వారం పాటు తోటి భక్తులకు చేసే స్వచ్ఛంద సేవ గురించి ఎవరడిగినా మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది. దర్శనం చేయిస్తారా? చేయిస్తారు. ఉండడానికి సేవాసదన్‌లో చోటు ఇస్తారు, భోజనం ఉచితం. కానీ దర్శనమే కావాలనుకుంటే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు తీసుకుని వెళ్ళి రావడం మేలు. దర్శనం కోసం కడుతున్న వెలగా ఈ వారాన్ని లెక్కవేసుకున్నవాళ్ళకు రెండో రోజుకే కాళ్ళ నొప్పులు, మూడో రోజుకు విసుగు మొదలవుతాయి. ఈ సేవలో దొరికేది వేరే. ఇంట్లో, ఆఫీసులో తన మాటే చెల్లాలనే అలవాటు ముదిరిన మనిషికి ఆ అలవాటు సడలాలంటే ఇంతకన్నా మంచి చోటు మా ఎరుకలో లేదు.

బుకింగు టీటీడీ వెబ్‌సైట్‌లోనే. సాధారణ సేవకు పది నుంచి పదిహేను మంది గుంపుగా నమోదు చేసుకోవాలి, ఒకరు టీమ్ లీడరుగా ఉండాలి. వయసు 18 నిండాలి. పై వయసు పరిమితి సేవను బట్టి మారుతుంది కాబట్టి పేర్లు రాసుకునే ముందే చూసుకోండి. అందరి ఆధార్ వివరాలూ ముందుగా ఒకచోట టైపు చేసి పెట్టుకోవాలి. కోటా విడుదలయ్యాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నంబరు అడుగుతూ కూర్చుంటే స్లాట్లు అయిపోతాయి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కొండ మీద రిపోర్టు చేసేటప్పుడు చిక్కే. ఆడవాళ్ళకు కాషాయరంగు చీర, మెరూన్ జాకెట్టు, మగవాళ్ళకు తెల్లబట్టలు. రెండు జతలు చాలవు, మూడు పెట్టుకోండి. మార్గశిరంలో వెళ్తే తెల్లవారుజాము డ్యూటీకి స్వెట్టరు తప్పదు. షుగరు ఉన్నవాళ్ళు మందులతో పాటు తినడానికి కాస్త ఏదైనా దగ్గర పెట్టుకోవాలి.

అసలు పరీక్ష డ్యూటీలు వేసే రోజున మొదలవుతుంది. ఆలయం లోపల డ్యూటీ పడాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. పడేది మాత్రం కూరగాయలు తరిగే చోటో, వైకుంఠం క్యూ కాంప్లెక్సులోనో, లగేజీ కౌంటరులోనో. అప్పుడు ముఖాలు మాడతాయి. "వంకాయలు తరగడానికా ఇంత దూరం వచ్చింది?" అనే మాట ఏదో ఒక గుంపులో వినపడుతూనే ఉంటుంది.

అలాంటివాళ్ళు మహాద్వారం దాటేటప్పుడు గోడకు వేలాడే గునపాన్ని ఒకసారి తలెత్తి చూడాలి. రామానుజుల ఆజ్ఞతో స్వామికి పూల కైంకర్యం చేయడానికి కొండకొచ్చిన అనంతాళ్వాన్‌ది అది. తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వుతూ, మట్టి మోస్తున్న గర్భిణి భార్యకు సాయం చేయబోయిన పిల్లవాణ్ణి తన కైంకర్యంలో ఇంకొకరు చేయి పెట్టకూడదని తరిమి, ఆ గునపం విసిరాడని స్థలపురాణం. పిల్లవాడిగా వచ్చింది స్వామేనట, అది తగిలింది ఆయన గడ్డానికేనట. ఇప్పటికీ మూలమూర్తి చుబుకానికి పచ్చకర్పూరం పెడతారు. అంత గొప్ప భక్తుడికీ అడ్డొచ్చింది నా సేవ అనే పట్టుదలే. మనకు పడ్డ డ్యూటీ మీద అలిగినా, మన వరుసలోకి ఇంకొకరొచ్చి వడ్డిస్తే కసురుకున్నా, లోపల పనిచేసేది అదే.

ఏ డ్యూటీ మంచిదని మమ్మల్ని అడిగితే అన్నప్రసాదమే అంటాం. మన తరిగొండలో పుట్టిన భక్త కవయిత్రి వెంగమాంబ పేరుతో ఉన్న ఈ అన్నప్రసాద భవనంలో నాలుగు హాళ్ళు, ఒక్కో హాల్లో వెయ్యిమంది కూర్చుంటారు. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన నిత్యాన్నదానం ఇక్కడ పెరిగి పెద్దదయింది. 2025 మార్చి నుంచి వడ కూడా పెడుతున్నారు. పని తేలిగ్గా కనిపిస్తుంది, కాదు. సాంబారు బకెట్టును నిండా నింపుకోకండి, సగానికి కాస్త పైన చాలు. నిండా నింపితే మొదటి వరుస చివరికొచ్చేసరికి నడుం పట్టేస్తుంది, తొణికి నేల జారుతుంది, వెనకొచ్చే అన్నం మనిషి పడతాడు. ఒకే చేత్తో మోయకుండా వరుస వరుసకూ చేయి మార్చుకోవాలి. గరిటెను ఆకుకు జానెడు ఎత్తులో వంచాలి, పైనుంచి పోస్తే పక్కవాళ్ళ బట్టల మీద చిందుతుంది. అన్నం మొదటిసారి తక్కువే పెట్టాలి. "ఇంకొంచెం పెట్టమంటారా?" అని వంగి, కళ్ళలోకి చూసి అడిగితే అవసరమైనవాళ్ళు అడుగుతారు. హడావుడిగా ఒకేసారి కుమ్మరిస్తే సగం ఆకులోనే మిగులుతుంది. ఇక్కడ వంగడమంటే నిజంగా నడుం వంచడమే. పదవిలో ఉన్న పెద్దమనిషి ఆ పూట ఎండలో నడిచొచ్చిన కూలీ ఆకు ముందు వంగి నిలబడతాడు. ఆకులో నుంచి తలెత్తకుండానే ఆ కూలీ "మజ్జిగ" అంటాడు, ఈ పెద్దమనిషి వెళ్ళి తెచ్చి పోస్తాడు.

క్యూలైన్ల డ్యూటీ అంతకన్నా కష్టం. గంటల తరబడి కంపార్టుమెంటులో కూర్చున్నవాళ్ళకు సహనం తక్కువుంటుంది. అందులో తప్పేమీ లేదు. తలుపు తీయగానే తోపులాట. అప్పుడు చేత్తో నెట్టకూడదు, భుజం మీద చేయి వేయకూడదు, గొంతు పెంచకూడదు. రెండు చేతులూ జోడించి "గోవిందా, మెల్లగా" అంటే నూటికి తొంభైమంది తగ్గుతారు. కుప్పం, పలమనేరు వైపు వాళ్ళకు తమిళం, కన్నడం నోట్లో ఆడుతుంటాయి కాబట్టి వాళ్ళను ముందు నిలబెట్టండి. "మెదువా పోంగ" (మెల్లగా వెళ్ళండి) అన్న ఒక్క తమిళ మాటకు వెల్లూరు నుంచి వచ్చిన అవ్వ ముఖం విచ్చుకుంటుంది. పాలు, ఉప్మా పంచేటప్పుడు పిల్లలతో కూర్చున్నవాళ్ళ నుంచి మొదలుపెట్టాలి. తలుపు దగ్గరున్నవాళ్ళ నుంచి మొదలుపెడితే లోపలి మూలకు చేరేసరికి గిన్నె అడుగంటుతుంది, గొడవ అక్కడే పుడుతుంది.

ఇక టీమ్ లీడరు. ఊళ్ళో డబ్బున్నాయననో, బుకింగు చేసిన కుర్రాణ్ణో లీడరుగా పెట్టడం పెద్ద పొరపాటు. అందరికన్నా ముందు లేచి, అందరికన్నా చివర స్నానానికి వెళ్ళేవాళ్ళు కావాలి. డ్యూటీకి గంట ముందే తను తయారైన లీడరుకు ఎవరినీ కేకలేయాల్సిన పని ఉండదు. నలుగురి దగ్గర పని చేయించడానికి ముందు తన నిద్ర, తన కోపం, తన నాలుక అదుపులో ఉండాలి. అత్తాకోడళ్ళు, అన్నదమ్ములు ఒకే గుంపులో ఉంటే వాళ్ళను వేర్వేరు డ్యూటీలకు పంపించి, రాత్రి భోజనం దగ్గర ఒకచోట కూర్చోబెట్టండి. పగలంతా పరాయివాళ్ళను "అమ్మా, గోవిందా" అని పిలిచిన నోటితో రాత్రి కోడలిని కసరడం కష్టమవుతుంది. ఎవరికైనా జ్వరమొస్తే ఆ డ్యూటీ లీడరే చేయాలి. తన బంధువుకు నీడపట్టున పని, మిగతావాళ్ళకు ఎండలో పని వేసిన లీడరు మాట మర్నాటి నుంచి ఎవరూ వినరు.

లోపాలూ చెప్పాలి. సేవాసదన్‌లో హాళ్ళు ఉమ్మడివి, నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళకు మొదటి రెండు రాత్రులు ఇబ్బందే. మొదట్లో చెప్పే సూచనలు ఒక్క పూటతో అయిపోతాయి, గుంపును ఎలా అదుపు చేయాలన్నది ఎవరికి వాళ్ళు పనిలో పడి నేర్చుకోవాల్సిందే. అందుకే కొత్తవాళ్ళే ఉన్న గుంపులో కనీసం ఇద్దరు పాతవాళ్ళను కలుపుకోండి. బ్రహ్మోత్సవాలకు మొదటిసారి వెళ్ళకండి. గరుడసేవ నాటి రద్దీ పాతవాళ్ళకే పరీక్ష.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, పసిపిల్లల తల్లులు, వారం సెలవు దొరకనివాళ్ళు కొండెక్కాలని పట్టుబట్టనక్కర్లేదు. కార్తీకంలో తిరుచానూరు పద్మావతి అమ్మవారి బ్రహ్మోత్సవాలకు కొండ కింద కూడా సేవకులు కావాలి. ఆ బ్రహ్మోత్సవాల చివరి రోజైన పంచమీ తీర్థం నాడు పుష్కరిణి చుట్టూ జనం కిటకిటలాడుతుంటే మంచినీళ్ళు అందించే చేతులు ఎన్ని ఉన్నా చాలవు. తిరుపతిలో ఉండేవాళ్ళయితే పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు.