తెరచాప పడవలో అండమాన్ దీవులు: విజయవాడ నుంచి వెళ్లిన వృద్ధ దంపతుల అనుభవం

భవానీ ద్వీపానికి వెళ్లే లాంచీ తప్ప మరో పడవ ఎరుగని నేనూ, మోకాళ్ల నొప్పులున్న మా శ్రీమతీ జనవరిలో గవర్నర్‌పేటలోని ఒక ట్రావెల్స్ సంస్థ ద్వారా అండమాన్ వెళ్లి, మూడు రోజులు పగటిపూట తెరచాప పడవలో తిరిగాం.

2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్ చుట్టూ సాగిన ప్రయాణమిది. ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక, పడవ నడిపిన పెద్దాయన మధ్యాహ్నాలు పడమటి ఒడ్డున, రాధానగర్ తీరం వైపున లంగరు వేసేవారు. అక్కడ దీవి చాటున నీరు చెరువులా నిలకడగా ఉండడంతో, మొదటి రోజు వాంతులతో బాధపడిన ఆమె రెండో రోజు నా కంటే ముందే పడవ దగ్గరికి చేరింది. ఇంజను ఆపి తెరచాప ఎత్తిన క్షణంలో వినిపించే నిశ్శబ్దాన్ని మేమిద్దరం ఇంకా తలచుకుంటూనే ఉన్నాం.

లోపం ఒక్కటే, కానీ పెద్దది. మోకాళ్ల సంగతి బుకింగ్ సమయంలోనే చెప్పినా, చిన్న పడవలోంచి పెద్ద పడవలోకి నిట్టనిలువు నిచ్చెన ఎక్కాలని సంస్థవారు మాకు చెప్పలేదు. సిబ్బంది చేయూత లేకపోతే ఆమె ఒడ్డునే ఉండిపోయేది. వెళ్లదలచిన పెద్దవారు డబ్బు కట్టే ముందే ఆ నిచ్చెన ఫోటో అడిగి చూడాలి.