పైపు అమ్మే ముందే లెక్క వేసి చూపే భీమవరం దుకాణం

భీమవరంలో పైపుల దుకాణాలకు కొదవ లేదు. అయితే మా రొయ్యల చెరువు లైను కోసం నేను వెళ్లిన దుకాణంలో ధర చెప్పకముందే లైను పొడవెంత, నీరు ఎంత ఎత్తు ఎక్కాలి, చెరువు ఎన్ని గంటల్లో నిండాలి అని అడిగి, ఆ తరువాతే పైపు సైజు సూచించారు. డెల్టాలో నేల బల్లపరుపు కాబట్టి, రెండు మూడు మీటర్ల ఎత్తుకు ఏ పైపైనా సరిపోతుందని చాలామంది రైతులు నమ్ముతారు. నిజానికి ఎత్తు తక్కువగా ఉన్న పొడవాటి లైన్లలోనే మోటారు శ్రమలో పెద్ద వాటా పైపులోని రాపిడికి పోతుంది. ఎక్కాల్సిన ఎత్తు నీరు ఎంత పారినా మారదు. రాపిడి మాత్రం ప్రవాహం కంటే వేగంగా పెరుగుతుంది.

వారిచ్చిన అంచనా కాగితానికి ఆధారం, పైపులో రాపిడి వల్ల పోయే ఒత్తిడిని నీటి ఎత్తుగా, మీటర్లలో లెక్కగట్టే హేజెన్–విలియమ్స్ సూత్రం. దాని ప్రకారం ఈ నష్టం ప్రవాహపు 1.852 ఘాతాన్ని అనుసరిస్తుంది, అంటే ప్రవాహం రెట్టింపైతే నష్టం సుమారు 3.6 రెట్లవుతుంది. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న 200 మీటర్ల పీవీసీ లైనుకు, సెకనుకు 10 లీటర్ల దగ్గర 2.9 మీటర్లు, 20 లీటర్ల దగ్గర 10.5 మీటర్లు నష్టమని అందులో రాశారు.

లైను బిగించాక వారి మెకానిక్ రెండు చివరలా ఒకే మట్టంలో ప్రెషర్ గేజిలు పెట్టాడు. 200 లీటర్ల డ్రమ్ము 20 సెకన్లలో నిండేలా గేట్ వాల్వు తిప్పినప్పుడు గేజిల తేడా చదరపు సెంటీమీటరుకు 0.3 కేజీ దగ్గర నిలిచింది; వాల్వు పూర్తిగా తెరవగా డ్రమ్ము 10 సెకన్లలో నిండి, తేడా ఒక కేజీ దాటింది. పది మీటర్ల నీటి ఎత్తు సుమారు ఒక కేజీ ఒత్తిడికి సమానం కాబట్టి కాగితానికీ గేజికీ పొత్తు కుదిరినట్టే. అమ్మకందారు తన మాటను రైతు కళ్లెదుట ఇలా రుజువు చేయడం ఎంతో మెచ్చుకోదగిన సంగతి.

లోపాలూ ఉన్నాయి. ఎల్బోలు (మలుపు ముక్కలు), ఫుట్‌వాల్వు (నీరు పీల్చే పైపు అడుగున ఉండే వాల్వు) తినే ఒత్తిడిని కాగితంలో కలపలేదు. నాలుగైదు మలుపులున్న లైనుకు ఇది చిన్న విషయం కాదు. ఉప్పునీటి లైన్లలో నాచు పట్టి లోపలి దారి సన్నబడితే పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు కూడా వారి దగ్గర సరైన జవాబు లేదు. వ్యాసం పావు వంతు పెరిగితే నష్టం దాదాపు మూడో వంతుకు దిగుతుంది కాబట్టి, బడ్జెట్ ఉన్నవారు వారు చెప్పిన సైజుకు ఒక మెట్టు పైది అడిగి, ఆ సైజుకు కూడా లెక్క వేయించుకోవడం మంచిది. అంచనాకు విడిగా రుసుము లేదు.