లేక్ లేనియర్ మీద మా పాంటూన్ బోటు సౌండ్ సిస్టమ్: కొన్ని వేసవులు వాడిన తర్వాత

బోటులో స్పీకర్లు మార్చాలనుకునేవారు సాధారణంగా అవి ఎంత గట్టిగా మోగుతాయో చూసి కొంటారు. 2021లో, అమెరికాలోని జార్జియాలో లేక్ లేనియర్ అనే సరస్సు మీద తిరిగే మా పాంటూన్ బోటుకు (పొడవాటి తేలే గొట్టాల మీద చదునైన డెక్కు ఉండే పడవ) నాలుగు కొత్త స్పీకర్లు, విడిగా ఒక యాంప్లిఫయర్ వేయించుకున్నాం. అప్పటి నుంచి ఈ మార్పు నాకిచ్చిన సంతోషమంతా తక్కువ శబ్దంలో వినిపించే స్పష్టతలోనే ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా, ముందు సీట్లలో పిల్లలు కబుర్లు చెప్పుకుంటుండగా, ఎవరూ గొంతు పెంచనక్కరలేనంత శబ్దంలోనే ఘంటసాల పద్యం అక్షరం అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. ఇళయరాజా పాటల్లో చరణం వెనుక నడిచే బేస్ గిటార్ పాత స్పీకర్లలో ఉందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు దానికోసం చెవులు రిక్కించాల్సిన పని లేదు.

ఈ స్పష్టతలో స్పీకర్ల పాత్ర కొంత, యాంప్లిఫయర్ పాత్ర ఎక్కువ. బోటుతో వచ్చే స్టీరియో మీద ఛానెల్‌కు 50 వాట్లు అని రాసి ఉన్నా, 12 వోల్టుల బ్యాటరీ మీద అది నిలకడగా ఇవ్వగలిగేది ఇంచుమించు 20 వాట్లే. కారులోనైతే ఆ శక్తి సరిపోతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న అద్దాలు, తలుపులు శబ్దాన్ని లోపలే ఉంచుతాయి. నీటి మీద గోడలు లేవు, పైకప్పు లేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి, శక్తిని రెట్టింపు చేస్తే తిరిగి వచ్చేది 3 మాత్రమే. అందుకే చిన్న స్టీరియోను పెంచుతూ పోతే పాట పెరగదు, గరగర పెరుగుతుంది. విడి యాంప్లిఫయర్ తన లోపలి సర్క్యూట్‌తో వోల్టేజిని పెంచుకుని ఛానెల్‌కు 75 వాట్ల దాకా ఇస్తుంది. మేము వాడుకునేది అందులో కొద్ది భాగమే అయినా, మృదంగం మీద ఒక్క దెబ్బ పడిన క్షణంలో కావలసిన శక్తి అప్పటికే సిద్ధంగా ఉండడం వల్ల శబ్దం చెదరదు.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. అదే యాంప్లిఫయర్, అవే స్పీకర్లు ఒక తీగతో ఒకలా, మరో తీగతో ఇంకోలా పనిచేయడం మా బోటులోనే చూశాను కాబట్టి, పెట్టె మీది పేరు కంటే దాని వెనుక ఉన్నదాని గురించి చెప్పడమే కొనేవారికి మేలు అనుకుంటున్నాను.

మొదటి వేసవి అంతా బాగానే నడిచింది. రెండో ఏడాది జూన్ నుంచి, కోవ్‌లో (సరస్సు ఒడ్డులోకి చొచ్చుకుపోయిన చిన్న మలుపులో) లంగరు వేసి ఇంజన్ ఆపిన గంటకో, గంటన్నరకో, డప్పు గట్టిగా మోగే పాట వచ్చేసరికి శబ్దం ఠక్కున ఆగిపోయేది. యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోయి, పాట మళ్లీ మొదలై, మరుసటి డప్పు దెబ్బకు మళ్లీ ఆగేది. ఇంజన్ నడుస్తుంటే మాత్రం ఈ గొడవ ఉండేది కాదు. బిగించిన షాపువారు మొదట ఎండ వేడి అన్నారు. తర్వాత యాంప్లిఫయరే లోపభూయిష్టమని వారంటీ కింద కొత్తది పెట్టారు. కొత్తదీ అలాగే ఆగింది. మళ్లీ అడిగితే, వాల్యూమ్ తగ్గించి వాడుకోమని సలహా ఇచ్చారు. అంత డబ్బు తీసుకున్నవారు ఒక్కసారైనా మల్టీమీటర్ పెట్టి చూడకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

జూలై 4 సెలవులకు హ్యూస్టన్ నుంచి వచ్చిన మా బావమరిది ఎలక్ట్రికల్ ఇంజనీరు. అతను బ్యాటరీ దగ్గర ఒక మీటరు, స్టీరింగ్ కన్సోల్ లోపల యాంప్లిఫయర్ దగ్గర మరొకటి పెట్టి, పాట పెంచమన్నాడు. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు కనిపిస్తుంటే, యాంప్లిఫయర్ దగ్గర డప్పు పడినప్పుడల్లా అంకె 10.4కు జారిపోతోంది. “బావా, దీనికి జబ్బేమీ లేదు, తిండి అందడం లేదు” అన్నాడు. యాంప్లిఫయర్ చివర తీగను బిగించే లోహపు లగ్గు విప్పితే తీగ పోగుల మధ్య తెల్లటి పొడి రాలింది. ఒక పోగును చాకు మొనతో గీకాడు. పైనున్న ఎర్రటి పొర లేచిపోయి లోపల తెల్లటి లోహం బయటపడింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. పడవలో వేయాల్సిన తీగ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: కళాయి పోసిన రాగి గిన్నెలాగా పైన తగరపు తెలుపు, గీకితే లోపల రాగి ఎరుపు. మేము డబ్బు కట్టిన బిల్లు మీద మాత్రం “మెరైన్ గ్రేడ్ వైరింగ్” అనే రాసి ఉంది.

అల్యూమినియం తీగ నిరోధం అదే మందం రాగి తీగ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. దానికితోడు మాకు వేసిన తీగ సన్నం, బ్యాటరీ వెనుక చివర ఉంటే యాంప్లిఫయర్ ముందు భాగంలో ఉంది, తేమకు అల్యూమినియం చివర తినేసుకుపోయింది. పైగా ఇలాంటి యాంప్లిఫయర్ వోల్టేజి తగ్గేకొద్దీ అదే శక్తి కోసం మరింత కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజి ఇంకా పడిపోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ 14 వోల్టుల దాకా ఇవ్వడం వల్లనే ఈ లోపం దాక్కుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలు ముఖ్యమైన సర్క్యూట్లలో వోల్టేజి నష్టం 3 శాతం మించకూడదనీ, మిగతా వాటిలో 10 శాతం దాకా ఉండవచ్చనీ చెబుతాయి. మాది ఆ పది శాతాన్నీ దాటింది. తగరపు పూత ఉన్న, మందపాటి 4 గేజి రాగి తీగ కొత్తగా లాగి, లోపల జిగురుండి, వేడికి ముడుచుకుని తీగను బిగించే ష్రింక్ గొట్టాలతో చివరలు మూయించాక, అదే పాటకు యాంప్లిఫయర్ దగ్గర వోల్టేజి 11.8 కంటే కిందికి రాలేదు. ఎర్ర దీపం మళ్లీ వెలగలేదు. పాటల కోసం వేరే బ్యాటరీ, ఇంజన్ ఆగగానే రెండు బ్యాటరీలనూ విడదీసే రిలే (దానంతట అదే పనిచేసే స్విచ్చు) కూడా అప్పుడే పెట్టించాం. ఇంటికి తిరిగి రావడానికి బ్యాటరీ మిగులుతుందో లేదోనన్న బెంగ దానితో తీరింది.

మొదటి ఏడాది పొగిడినవన్నీ ఇప్పుడు అదే స్థాయిలో పొగడలేను. బోటు గంటకు 20 మైళ్లు దాటితే గాలి హోరులో ఈ స్పష్టత చాలావరకు పోతుంది. స్పీకర్లు సీట్ల కింద, మోకాళ్ల ఎత్తులో ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నవారికి అందినంత బాగా పక్కన కూర్చున్నవారికి అందవు. వాటి వెనుక ప్లాస్టిక్ అర తెరిచి ఉండడం వల్ల బేస్ సన్నగా అనిపించేది. స్పీకర్ అంచుల చుట్టూ ఫోమ్ అతికించి, వెనుక ఖాళీలు మూయించాకే దానికి కాస్త బరువు వచ్చింది. బేస్ కోసమే ఉండే సబ్ ఊఫర్ స్పీకర్ లేకుండా ఇంతకుమించి ఆశించడం సరికాదు. స్పీకర్ల చుట్టూ వెలిగే రంగు దీపాలు చీకటి పడ్డాక నదురుగా ఉంటాయని అప్పట్లో సంబరపడ్డాం, ఇప్పుడు వాటిని వెలిగించడమే లేదు. మరో సంగతి, సాయంత్రం నీటిని ఆనుకున్న గాలి చల్లబడ్డాక శబ్దం పైకి పోకుండా నీటి వెంబడే వంగి చాలా దూరం వెళుతుంది. మనకు మామూలుగా అనిపించే వాల్యూమ్ అవతలి ఒడ్డున డాక్ మీద కూర్చున్నవారికి స్పష్టంగా వినిపిస్తుంది. ఆ వేళ సగానికి తగ్గించడం మా ఇంట్లో నియమం.

మా బోటు చట్టహూచీ నది నీటితో నిండిన ఈ సరస్సు మంచినీటి మీద, పైకప్పు ఉన్న డాక్‌లో ఉంటుంది. మేము నెమ్మదిగా తిరిగి, ఎక్కువసేపు ఆగి వినేవాళ్లం. ఇలాంటి వాడకం ఉన్నవారికి యాంప్లిఫయర్‌తో సహా ఈ మార్పు చేయించుకోమని నిస్సందేహంగా చెబుతాను; డబ్బు పరిమితంగా ఉంటే స్పీకర్లలో ఒక మెట్టు దిగి, తీగల్లో మాత్రం దిగవద్దనే చెబుతాను. సవానా, టాంపా వైపు ఉప్పునీటిలో నడిపేవారికి స్పీకర్ల జాలీలు, మరలు ఎన్నాళ్లు మన్నుతాయో మా అనుభవాన్ని బట్టి అంచనా వేయకూడదు. బోటు వెనుక తాడు పట్టుకుని పలక మీద జారే వేక్‌బోర్డింగ్ వారికి కావలసిన, బోటు పైన ఎత్తులో బిగించే టవర్ స్పీకర్ల సంగతి వేరు. పాటల బ్యాటరీ స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం పెట్టే ఆలోచన ఉంది. దాని వోల్టేజి దాదాపు చివరి వరకు 13 దగ్గరే నిలబడుతుంది. కాని అది ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగకుండా మధ్యలో వేరే ఛార్జర్ పెట్టాలి, ఆ ఖర్చు కలిపితే మా వాడకానికి గిట్టుబాటు అవుతుందా అన్నది ఇంకా తేల్చుకోలేదు.