ఇంటి నేలకు నాపరాయా, గ్రానైటా?

ఈమధ్య ఇల్లు కట్టేవాళ్లను ఎవరిని కదిపినా "గ్రానైటే వేయిద్దామనుకుంటున్నాం" అంటున్నారు. నాపరాయంటే పాతకాలపు అద్దె ఇంటి బండలని చిన్నచూపు. నన్నడిగితే గదుల్లోకి నాపరాయి, వంటగట్టుకు గ్రానైటు.

నాపరాయి సున్నపురాయి జాతి. ఎప్పుడో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. అందుకే తాండూరులోనైనా, నంద్యాల జిల్లా బేతంచెర్లలోనైనా పొర సందున ఉలి దించి గునపంతో ఎత్తితే పలకలా లేచి వస్తుంది. గ్రానైటుకు పొరలుండవు. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది కదా! వజ్రపు పూసల తీగతో దిమ్మెలుగా కోసి, ఫ్యాక్టరీలో పలకలు చీల్చి, పాలిష్ పట్టాలి. ధరలో తేడా చాలావరకు అక్కడే పుడుతుంది. (గ్రానైటు పేరుతో అమ్ముడుపోయే చీమకుర్తి గెలాక్సీ అనే నల్లరాయి నిజానికి గాబ్రో అనే వేరే జాతి రాయి.)

నాపరాయి మెత్తన. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతిలోనే, ఉలికి అంత బాగా లొంగుతుంది. అయితే దాని సున్నపు గుణమే వంటగదిలో కొంప ముంచుతుంది. మా వంటగట్టు కడప నల్లబండ, అదీ సున్నపురాయి జాతే. ఓ రాత్రి పిండేసిన నిమ్మచెక్క దానిమీద బోర్లా ఉండిపోయింది. పొద్దున తీస్తే గుండ్రంగా, తెల్లగా మచ్చ, వేలితో రాస్తే గరుకు. సబ్బు పెట్టి ఎంత తోమినా పోలేదు. పోదు కూడా, అది మరక కాదు, పులుపు రాతిని తినేసిన గుర్తు. గ్రానైటు దగ్గర నిమ్మరసం పప్పులుడకవు. బాత్రూమ్ యాసిడ్‌తో నాపరాయి కడిగినా ఇదే గతి.

గదుల్లో నేలమీద నిమ్మకాయలు ఎవరు పిండుతారు? అక్కడ నాపరాయిదే పైచేయి. పరిచాక అక్కడికక్కడే మిషన్ పెట్టి పాలిష్ పడతారు కాబట్టి బండకూ బండకూ మధ్య ఎగుడుదిగుళ్లు చాలావరకు సమం అవుతాయి. ఏళ్లు గడిచి కళ తగ్గితే మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. అద్దంలా మెరిసే గ్రానైటు మీద తడికాలు పడితే జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అదో టెన్షన్.

నాపరాయితో ఇంకో చిక్కుంది. లోపల పొర విడిన బండ కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. కొనేటప్పుడు నాణెంతో తట్టి చూడండి. ఖంగుమంటే తీసుకోండి, బోలుగా మోగితే పక్కన పెట్టించండి.