జుట్టు ఊడుతుందని ప్యాకేజీ కట్టేముందు ఇది చదవండి ప్లీజ్

ఇప్పుడే అక్కడి నుంచి వచ్చిన, చేతులు ఇంకా వణుకుతున్నయ్. మెట్రో పిల్లర్ల మీద బోర్డులు చూస్తుంటరు కదా, ఆ టైపు హెయిర్ క్లినిక్కే. 42,000 ప్యాకేజీ, 15,000 అక్కడికక్కడే కట్టిన, మిగతాది ఈఎంఐ.

సెప్టెంబర్‌లో నాకు డెంగీ వచ్చింది, డిసెంబర్‌కల్లా దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వస్తుంది జుట్టు. మా నిజాంపేటలో ఎవరినడిగినా ఒకటే మాట, బోరు నీళ్ళు. నేనూ అదే నమ్మి పోయిన.

అక్కడ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, డాక్టర్ కాదు, ప్యాకేజీల గురించి మాట్లాడే కౌన్సెలర్ అని తర్వాత తెలిసింది, రాలిన వెంట్రుక ఒకటి కెమెరా కింద పెట్టి పెద్ద స్క్రీన్ మీద చూపించింది. చివర్న తెల్లగా చిన్న బుడిపె. "చూడండి మేడమ్, వేరుతో సహా వచ్చేసింది, ఉప్పు నీళ్ళు కుదుళ్ళని తినేసినయ్, ఇట్లనే వదిలేస్తే ఇక్కడ మళ్ళీ మొలవదు" అంది. నా గుండె జారిపోయింది, అక్కడే సంతకం పెట్టిన. జ్వరం గిట్ల వచ్చిందా అని వాళ్ళు అడగలే, నేనూ చెప్పలే, ఆ తప్పు మాత్రం నాదే.

రెండు సిట్టింగులు తలలో సూదులు పొడిపించుకున్నా ఆగకపోతే స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయిన. ఆమె మొదటి ప్రశ్నే "ఊడడం మొదలయ్యే ముందు రెండు మూడు నెలల్లో పెద్ద జ్వరం వచ్చిందా" అని. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి అయినప్పుడు పెరిగే వెంట్రుకలు మస్తుగా ఒకేసారి రెస్ట్‌లోకి పోయి, రెండు మూడు నెలలకు రాలతయంట, టెలోజెన్ ఎఫ్లూవియమ్ అంటరు, చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతది. ఆ తెల్ల బుడిపె వేరు కానే కాదు! రెస్ట్ అయిపోయి రాలే వెంట్రుకలకి అది మామూలే, కుదురు చర్మం లోపలే ఉండి మళ్ళీ మొలిపిస్తది. మంచిగున్నవాళ్ళకే రోజుకు 50 నుంచి 100 రాలతయి. ఉప్పు నీళ్ళకి జుట్టు గరుకైతది గానీ కుదుళ్ళు చావవన్నది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూసే ఫెర్రిటిన్ టెస్ట్ చేయిస్తే తక్కువుంది, ఐరన్ మాత్రలు రాసింది.

ఆ రిపోర్టు పట్టుకుని ఇయ్యాల అమ్మని తీసుకుని పోయిన, మిగతా సిట్టింగులు వద్దు పైసలు వాపసియ్యండి అని. మేనేజర్ రిపోర్టు ముట్టుకోను కూడా ముట్టుకోలే. చేతిలో పెన్నుతో మా అమ్మ తల వైపు చూపించి "మీ అమ్మగారి పాపిట చూడండి మేడమ్, జుట్టు తల్లి నుంచే వస్తది, రెండేళ్ళల్లో మీకూ ఇంతే" అన్నడు. చుట్టూ ఆరేడుగురు కూర్చొని ఉన్నరు. అమ్మ ఒక్క మాట అనలే, మెల్లగా కొంగు తీసి తల మీద కప్పుకుంది. ఇల్లు చేరేదాకా తియ్యలే. నీళ్ళ వల్ల అని పైసలు తీసుకున్నోళ్ళు, వాపసు అడిగితే మా అమ్మ మీదికి తోసిన్రు. అది కూడా అబద్ధమే, జీన్స్ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లెయింట్ ఇచ్చిన. మీరెవరైనా పోతే చూసేది డాక్టరేనా, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని ముందే అడగండి, అదే రోజు సంతకం పెట్టకండి. ఈఎంఐ మధ్యలో ఆపించినోళ్ళు ఉంటే ఎట్లనో జర చెప్పండి, 5వ తారీఖున మళ్ళీ పైసలు కట్ అయితయి.