అయోవా, ఫ్లింట్ హిల్స్: ఒకే గడ్డి, రెండు దారులు

ఒకప్పుడు అమెరికాలోని అయోవా రాష్ట్రంలోనూ, కాన్సాస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ అనే కొండల్లోనూ మనిషెత్తు గడ్డే. అయోవాలో దాదాపు 80 శాతం నేల ప్రెయిరీయే, అంటే సహజమైన గడ్డిమైదానమే. ఇప్పుడందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. 1837లో కమ్మరి జాన్ డీర్ ఉక్కు నాగలి చేశాక జిగటమట్టి కర్రుకు అంటుకోవడం తగ్గింది, ఇక అడ్డేముంది? గడ్డి వేళ్లు వేల ఏళ్లుగా తయారుచేసిన నల్లమట్టిలో ఇప్పుడు మొక్కజొన్న, సోయా. పాత గడ్డి చూడాలంటే రైలు పట్టాల పక్కనో, పాత శ్మశానాల్లోనో వెతుక్కోవాలి.

ఫ్లింట్ హిల్స్ బతికిపోయిందంటే ఆ పుణ్యం రాళ్లదే. పలచటి మట్టి కిందే సున్నపురాయి, చెకుముకిరాయి. నాగలి దిగదు. అందుకే పశువుల మేతకు వదిలేశారు. వసంతంలో గడ్డికి నిప్పు పెడతారు. నేలంతా బొగ్గులా నల్లబడుతుంది, కొద్ది రోజులకే ఆ మసిలోంచి పచ్చటి మొలకలు పొడుచుకొస్తాయి. 1996లో ఇక్కడ జాతీయ సంరక్షణ క్షేత్రం ఏర్పడింది, 2009లో ఆ క్షేత్రానికి బైసన్లూ (అమెరికా అడవి దున్నలు) తిరిగొచ్చాయి.

అలాగని ఇది అచ్చం పాత ప్రెయిరీ కాదు. ఏటా కాల్చి, గట్టిగా మేపే చోట నేల మీద గూడు కట్టే ప్రెయిరీ కోడి అనే పక్షికి చాటు దొరకదు. అయినా అయోవాలో మళ్లీ విత్తనం చల్లి పెంచుతున్న ముక్కలకన్నా నాకిదే మేలనిపిస్తుంది. ఇక్కడి వేళ్లను ఎవరూ పెకలించలేదు మరి.