పాత క్యారవాన్‌కి చెక్క చివుకు: పడవల యార్డుకి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. గోదావరి డెల్టాలో తాళ్లరేవు వైపు కాలువ గట్టున పడవలు కట్టే యార్డుల్లో ఒకదాని పని గురించి ఈ సమీక్ష. చివికిన చెక్కని కోసి కొత్తది అతికే పనికి డెల్టాలో ఇంతకన్నా మంచి చేతులు దొరకవు. నీళ్లు దిగకుండా సందులు మూసే పని మాత్రం వాళ్ల పద్ధతికి వదిలేయకూడదు.

షూటింగులకు తిరిగి అమ్మకానికొచ్చిన బళ్లయినా, పాత బస్సు మీద కట్టించుకున్నవైనా, రోగం మొదలయ్యేది పైకప్పు మీదే. ఏసీ కోసం కోసిన కంత చుట్టూ, గాలి కిటికీ అంచున, మూలల అల్యూమినియం పట్టీ కింద వేసిన సీలెంటు ఎండకి పగులుతుంది. నీళ్లు స్క్రూ వెంట చెక్కలోకి దిగుతాయి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం, దాన్ని చివికించే శిలీంధ్రం (బూజు లాంటిది) పెరగలేదు. అది దాటి, లోపలికి గాలి ఆడకపోతే చాలు, చెక్కని లోలోపలే తినేస్తుంది. చలి దేశాల్లో ఇళ్లని తినే అసలు డ్రై రాట్ శిలీంధ్రం మన వేడికి బతకదు. మన దగ్గర తినేవి వేరే రకాలు. నీళ్లు ఆపకుండా ఏ మందు పూసినా దండగ అన్నది మాత్రం రెండుచోట్లా నిజమే.

ఇక్కడి మేస్త్రీ ముందు సుత్తి పిడితో గోడంతా తట్టి చూస్తాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది, చివికింది డొల్లగా పలుకుతుంది. అక్కడ సుద్దతో గీత గీసి, లోపలి ప్యానెల్ విప్పి రీపర్లలో (గోడ లోపలి సన్నటి చెక్క బద్దల్లో) ఉలి మొన గుచ్చుతాడు. చివికిన రీపరు గోధుమరంగు చదరపు ముక్కలుగా పగిలి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి. మెత్తదనం ఆగిన చోట కోత ఆపరు, గట్టి చెక్క తగిలాక ఇంకో అడుగు తీస్తారు. యజమానులు ఇక్కడే బేరమాడతారు. ఆ అడుగు వదిలేస్తే రోగాన్ని కొత్త చెక్కకి అంటించినట్టే, బేరమాడకండి.

అతుకు పనిలోనే ఈ యార్డు గొప్పతనం. బస్సు బాడీ షెడ్లలో రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి రేకు ముక్క కొట్టేస్తారు. గుంతల రోడ్ల మీద ఆ అతుకు నెలల్లో కదులుతుంది. వీళ్లు ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్లు పొడవున చెక్కుతారు: 25 మిల్లీమీటర్ల రీపరుకి 200 మిల్లీమీటర్ల అతుకు. చిత్రిక పట్టిన రెండు ముఖాలూ ఆనించి చూస్తే మధ్య వెలుతురు కనబడదు.

అతకడానికి ముందు మిగిలిన పాత చెక్కకి మందు పట్టించమనండి. పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 600 గ్రాముల వెలిగారం, 400 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి బ్రష్‌తో రెండుసార్లు పూస్తే చాలు, చెదలకీ అదే మందు. కొబ్బరి తెగులుకి బోర్డో పేస్టు (మైలతుత్తం, సున్నం) కలిపే అలవాటు కొద్దీ మైలతుత్తం వాడదామంటారు, ఒప్పుకోవద్దు. అది ఇనుప ఫ్రేముని, స్క్రూలని తినేస్తుంది. తర్వాత ఫ్యాను పెట్టి ఆరబెట్టి, తేమ మీటరు 15 దగ్గరకి వచ్చాక, పైన తేలిన తెల్లటి పొడిని గీకేసి అప్పుడే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) ముట్టాలి. తడి చెక్క ఎపాక్సీని పీల్చుకోదు, పైగా తేమ లోపలే చిక్కుకుంటుంది.

ఎపాక్సీ కలపడం దగ్గరుండి చూడండి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ (జిగురుని గట్టిపరిచే రెండో భాగం) ఎక్కువ పోసే అలవాటు చాలామందికి ఉంది. అలా పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. డబ్బా మీద రాసిన పాళ్లే, తూకం వేసి కలపాలి. ఏప్రిల్ ఎండలో ఒకేసారి 100 గ్రాములకి మించి కలిపితే గిన్నెలోనే కాగి గడ్డకడుతుంది, వెడల్పాటి పళ్లెంలో కలపడం మేలు. ముందు పలచగా ఒక పూత, అది ఇంకాక రంపపు పొడి కలిపిన చిక్కటి పూత వేస్తారు. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకు పట్టు తప్పుతుంది. ఈ సంగతి మేస్త్రీకి మనం చెప్పనక్కర్లేదు.

ఇక లోపాలు. పడవ అతుకుల్లో నూలు, గుగ్గిలం కూరడం వాళ్లకి చేతి అలవాటు. పడవలో చెక్క నీళ్లకి ఉబ్బి అతుకు బిగుసుకుంటుంది. ఎండలో కాగి, రోడ్డు మీద అదిరే బండిలో ఆ కూర్పు వదులై ఊడిపోతుంది. పాత సిలికాన్ సీలెంటుని పూర్తిగా గీకించి (దాని మీద ఏదీ అంటదు), పట్టీ కింద బ్యూటిల్ టేపు (జిగట రబ్బరు టేపు), అంచున సికాఫ్లెక్స్ 221 లాంటి పాలీయురేథేన్ సీలెంటు మీరే తెచ్చివ్వండి. మేకులు ఒప్పుకోవద్దు, స్టెయిన్‌లెస్ స్క్రూలే. చెప్పకపోతే మద్ది వాడతారు. పడవకి మంచిదే, పైకప్పుకి బరువు. టేకే అడగండి, పాత రీపరు మందం దాటనివ్వకండి.

ప్లైవుడ్ కూడా మీరే కొనడం మంచిది. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) అని ముద్ర ఉండాలి. ఆ రకం 72 గంటలు మరిగించినా పొర విడకూడదని ప్రమాణం. అయినా నీళ్లు తాగేది కోసిన అంచే, స్క్రూ కంతే. ఈ యార్డులో అంచులకి పూత వేయకుండానే బిగించబోతారు. ఆపి రెండు పూతలు వేయించండి.

డబ్బు చేతిలో పెట్టేముందు పైపుతో నీళ్లు కొట్టించండి. కింద అంచు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి జరగాలి, లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. ముందే పైన కొడితే నీళ్లు అంతటా కారి, కంత ఎక్కడో తేలదు.

సంక్రాంతి దాటాక ఇస్తే ఆరుదలకి ఇబ్బంది ఉండదు. వానల్లో, అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో కప్పు విప్పనివ్వకండి. ఛాసిస్ మీద అడ్డ ఇనుము తుప్పుపట్టి ఉంటే ముందు వెల్డింగు షెడ్డులో అది సరిచేయించుకునే రండి. ఇక్కడ ఆ పని చేయరు, కొత్త చెక్క బిగించాక వెల్డింగు పెడితే చెక్క కాలుతుంది.